పదకొండు మంది పిల్లలు కావాలి

రండి, కాసేపు కూర్చోండి. ఈవేళ మీకు ఒక అమ్మాయి గురించి చెప్పాలని ఉంది. ముందు మీకో ప్రశ్న. తెలుగు నేల మీద పెరిగి, ఆటల్లో పేరు తెచ్చుకున్న ఆడపిల్లలెవరో చెప్పండి అంటే మీరేం తడుముకోరు. కోనేరు హంపి, సింధు, మిథాలీ రాజ్, నిఖత్ జరీన్, మన జ్యోతి సురేఖ... గుక్క తిప్పుకోకుండా చెప్పేస్తారు. మరి ఫుట్‌బాల్ ఆడే అమ్మాయి ఎవరండీ అంటే? అక్కడ మాట ఆగిపోతుంది. మన బెజవాడ పటమట రైతుబజారులో కూరగాయలు ఏరుకుంటున్న పదిమందిని ఆపి అడిగినా ఆ పేరు తెలిసినవాళ్లు ఒక్కరు దొరుకుతారా అన్నది అనుమానమే.

ఆ పేరు గుగులోత్ సౌమ్య. నిజామాబాద్ జిల్లా పిల్ల. నిఖత్ జరీన్‌ది కూడా ఆ జిల్లాయే. వ్యవసాయం చేసుకునే లంబాడీ కుటుంబంలో 2001లో పుట్టింది. భారత మహిళల జట్టుకు ఆడుతుంది. ఐరోపాకు వెళ్లి క్రొయేషియాలో ఆడి వచ్చింది. 2025 మే నెలలో అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఆమెను దేశం మొత్తానికి ఆ ఏటి ఉత్తమ క్రీడాకారిణిగా ప్రకటించింది. మణిపూర్ నుంచి, బెంగాల్ నుంచి, ఒడిశా నుంచి, తమిళనాడు నుంచి వందలాది మంది అమ్మాయిలు ఆడే ఆటలో మన తెలుగమ్మాయి మొదటి స్థానంలో నిలబడింది. ఇది ఇంటింటా చెప్పుకోవాల్సిన సంగతి. అందుకే మిమ్మల్ని కూర్చోబెట్టాను.

సౌమ్య ఆడేది వింగర్‌గా. ఆట అంతగా చూడనివాళ్ల కోసం చెబుతాను. మైదానం పొడవు నూరు మీటర్లు పైమాటే, వెడల్పు డెబ్భై మీటర్లకు కొంచెం తక్కువ. దానికి రెండు పక్కలా గీతలుంటాయి కదా, ఆ గీత వెంబడే వింగర్ కాపురం. బంతి కాలికి తగలగానే ఎదుట ఒక డిఫెండర్ నిలబడి ఉంటుంది. ఆమెను దాటడానికి రెండే దారులు. గీత పక్కనుంచి వేగంతో దూసుకెళ్లి గోలు ముందుకు బంతి అందించాలి. లేదంటే ఒక్కసారి లోపలికి తిరిగి తనే గోలుకు కొట్టాలి. ఏది చేస్తుందో డిఫెండర్‌కు చివరి క్షణం దాకా తెలియకూడదు. ఆ తెలియనివ్వకపోవడంలోనే వింగర్ పనితనమంతా ఉంది. పైగా బంతి పోయిందా, అంత దూరమూ వెనక్కి పరిగెత్తి తన వైపు కాపలా కాయాలి. మంచి స్థాయి మ్యాచ్‌లో ఒక్కో అమ్మాయి పది కిలోమీటర్ల దాకా పరిగెడుతుంది. అదే మైదానం, అదే అయిదో నంబరు బంతి, అవే తొంభై నిమిషాలు. ఆడవాళ్లకని ఏదీ తగ్గించలేదు.

ఆమె ఎక్కిన మెట్లు చూద్దాం. ఊళ్లో ఆడిన పిల్ల జూనియర్ జట్లదాకా వచ్చింది. తర్వాత క్లబ్బులు. కేరళలో గోకులం కేరళ అని ఒక క్లబ్బు ఉంది. మహిళల ఫుట్‌బాల్‌ను మనసు పెట్టి నడిపిన క్లబ్బుల్లో దానిది పెద్దపీట. జాతీయ లీగ్‌ను వరసగా మూడుసార్లు గెలిచింది. సౌమ్య ఆ చొక్కా వేసుకుని ఆడింది. 2022 సెప్టెంబర్‌లో కాఠ్మాండూలో దక్షిణాసియా దేశాల పోటీ జరిగింది. పాకిస్తాన్ మీద మన జట్టు 3-0తో గెలిచిన రోజున మూడో గోలు సౌమ్యది, అదీ మ్యాచ్ ముగిసే ముందు అదనపు సమయంలో. మాల్దీవుల మీద 9-0తో గెలిచిన మ్యాచ్‌లోనూ ఒకటి కొట్టింది.

ఆ ఏడాదే మరో తలుపు తెరుచుకుంది. డైనమో జాగ్రెబ్ అనే క్లబ్బు పేరు ఫుట్‌బాల్ చూసేవాళ్లకు బాగా తెలుసు. ప్రపంచ కప్పులో క్రొయేషియాను ఫైనల్ దాకా నడిపిన లూకా మోడ్రిచ్ ఎదిగింది అక్కడే. ఆ క్లబ్బు మహిళల జట్టు కోసం మన దేశపు అమ్మాయిలకు ట్రయల్స్ జరిగితే, చివరికి ఇద్దరు ఎంపికయ్యారు. మధ్యప్రదేశ్ అమ్మాయి జ్యోతి చౌహాన్ ఒకరు, మన సౌమ్య మరొకరు. అప్పటికి సౌమ్యకు ఇరవై ఒక్కేళ్లు.

ఆ వయసు పిల్లకు జాగ్రెబ్ అంటే ఏమిటో ఒక్కసారి ఊహించుకోండి. భాష రాదు. తిండి వేరు. చలి మనం ఎరిగిన చలి కాదు. జట్టులో మిగతా అమ్మాయిలంతా ఆరేడేళ్ల వయసు నుంచి క్లబ్బుల పిల్లల జట్లలో పద్ధతిగా నేర్చుకుంటూ వచ్చినవాళ్లు. బంతి రాకముందే తల తిప్పి చూసుకోవడం, మొదటి స్పర్శతోనే బంతిని ఎటు తీసుకెళ్లాలో తేల్చుకోవడం వాళ్లకు చిన్నప్పుడే ఒంటబట్టి ఉంటుంది. మన పిల్లలు అవి ఇరవై దాటాక నేర్చుకోవాల్సి వస్తుంది. అయినా వెళ్లింది, ఆడింది, నేర్చుకుని వచ్చింది. తర్వాత కాలంలో ఆమె ఆటలో కనిపించే నిదానమూ, గోలు ముందు తొట్రుపాటు లేకపోవడమూ చూస్తే ఆ ప్రయాణం వృథా కాలేదని నాకు గట్టి నమ్మకం.

తిరిగొచ్చి మళ్లీ గోకులంకు ఆడి, ఆ తర్వాత కోల్‌కతా వెళ్లి ఈస్ట్ బెంగాల్‌లో చేరింది. శతాబ్దం దాటిన క్లబ్బు అది, 1920లో పుట్టింది. ఆంథనీ ఆండ్రూస్ అనే కోచ్ కింద 2024-25 లీగ్‌లో ఆ జట్టు మొదటిసారి మహిళల జాతీయ టైటిల్ గెలిచింది. టైటిల్ ఖాయం చేసిన మ్యాచ్ 2025 ఏప్రిల్‌లో ఒడిశా ఎఫ్‌సీ మీద. స్కోరు 1-0. ఆ ఒక్క గోలు ఎవరిదనుకున్నారు? సౌమ్యదే. నిజామాబాద్ పిల్ల కాలి దెబ్బకు కోల్‌కతాలో ఎర్ర-పసుపు జెండాలు లేచాయి. నెల తిరక్కుండానే ఉత్తమ క్రీడాకారిణి పురస్కారం వచ్చింది.

ఆ వేసవిలోనే అంతకన్నా పెద్ద సంగతి జరిగింది. ఆసియా కప్ అర్హత పోటీల కోసం మన అమ్మాయిలు థాయ్‌లాండ్‌లోని చియాంగ్ మాయ్ వెళ్లారు. మంగోలియా మీద 13-0. అందులో సౌమ్య కొట్టిన గోల్సూ ఉన్నాయి. తైమూర్ లెస్తే మీద 4-0, ఇరాక్ మీద 5-0. చివరి మ్యాచ్ జులై 5న, థాయ్‌లాండ్ మీద, వాళ్ల సొంతగడ్డ మీద. రెండుసార్లు ప్రపంచ కప్పు ఆడిన జట్టు అది. ర్యాంకుల్లో మనకంటే ఇరవై మెట్లకు పైగా ఎగువన ఉంది. బెంగాల్ అమ్మాయి సంగీత బాస్‌ఫోర్ రెండు గోల్స్ కొట్టింది. 2-1తో గెలిచాం. 2026 ఆస్ట్రేలియా ఆసియా కప్‌కు అర్హత సంపాదించాం. అర్హత పోటీలు ఆడి గెలిచి ఆసియా కప్‌కు చేరడం మన మహిళలకు అదే మొదటిసారి. క్రికెట్ జట్టు గెలిచిన రోజున బెంజి సర్కిల్లో టపాకాయలు పేలతాయి. ఆ జులై రాత్రి కూడా పేలవలసింది.

ఇదంతా ఉన్నట్టుండి వచ్చిపడిందని అనుకోకండి. వీళ్ల వెనక యాభై ఏళ్ల ఓపిక ఉంది. 1975లో మహిళల ఫుట్‌బాల్‌కు విడిగా ఒక సమాఖ్య ఏర్పాటు చేసి, ఆ రోజుల్లోనే మొదటి జాతీయ పోటీ నడిపారు. నాలుగైదేళ్లు తిరిగేసరికి కాలికట్‌లో జరిగిన ఆసియా పోటీలో మన జట్టు ఫైనల్ ఆడింది. 1983లో బ్యాంకాక్‌లో మళ్లీ రెండో స్థానం. అంటే ఆసియాలో రెండోవాళ్లం! ఆ తరంలో కెప్టెన్‌గా ఆడిన శాంతి మల్లిక్‌కు అర్జున అవార్డు వచ్చింది. మహిళా ఫుట్‌బాలర్‌కు ఆ గౌరవం దక్కడం అదే తొలిసారి. ఆ తర్వాత జరిగిందేమిటి? మిగతా దేశాలు లీగులు పెట్టుకున్నాయి, జీతాలిచ్చాయి, పిల్లలకు శిక్షణ ఇచ్చాయి. మనం పెట్టలేదు. ఆడపిల్లలు ఆడటం మానలేదు, ఆడించే ఏర్పాటే కరువైంది. మణిపూర్ ఒక్కటే దీపం ఆరనివ్వలేదు. అక్కడి ఒయినాం బెంబెం దేవి రెండు దశాబ్దాలు దేశానికి ఆడింది. 2020లో పద్మశ్రీ వచ్చింది. ఆ ఏడాది జనవరిలోనే ఆ రాష్ట్రపు మరో అమ్మాయి బాలా దేవి స్కాట్లండ్‌లోని రేంజర్స్ క్లబ్బుతో సంతకం చేసి, ఐరోపాలో ప్రొఫెషనల్ ఒప్పందం పొందిన తొలి భారతీయ మహిళ అయింది.

బాలా దేవి మణిపూర్ పోలీసు శాఖలో ఉద్యోగం చేస్తూ ఆడింది. ఆ మాట మీరు గుర్తుపెట్టుకోవాలి. ఎందుకంటే నిన్నమొన్నటి దాకా మన దేశంలో ఫుట్‌బాల్ ఆడే ఆడపిల్లకు దొరికే గట్టి ఆధారం అదొక్కటే. పోలీసో, రైల్వేయో, మరో శాఖో. ఆటను చూసి ఉద్యోగం ఇచ్చేవాళ్లు, ఉద్యోగం ఉంది గనక ఆట సాగేది. ఆ శాఖలకు దండం పెట్టాలి. అవి లేకపోతే ఈ ఆట మన దేశంలో ఎప్పుడో చచ్చిపోయేది. కానీ డ్యూటీ చూసుకుంటూ ఆడటం వేరు, పొద్దున లేచింది మొదలు ఆటే పనిగా బతకడం వేరు.

2016-17లో ఇండియన్ విమెన్స్ లీగ్ మొదలైంది. తొలి రోజుల్లో జట్లన్నిటినీ ఒక్కచోట చేర్చి కొద్ది వారాల్లో ముగించేవారు. 2023-24 నుంచి సొంత ఊళ్లో ఒక మ్యాచ్, ఎదుటివాళ్ల ఊళ్లో ఒక మ్యాచ్ అనే పద్ధతి వచ్చింది. 2023లో సమాఖ్య ఒక మంచి నిర్ణయం తీసుకుంది. లీగ్‌లో ఆడే ప్రతి క్లబ్బూ కనీసం పదిమంది భారతీయ క్రీడాకారిణులతో ప్రొఫెషనల్ ఒప్పందం చేసుకోవాలి. ఒక్కొక్కరికి ఏడాదికి 3 లక్షల 20 వేలకు తక్కువ ఇవ్వకూడదు. లెక్క కడితే నెలకు 27 వేలు కూడా పడదు. అయినా అది మొదటి మెట్టు. ఆటకు జీతం అనే మాట కాగితం మీదకు వచ్చింది. తల్లిదండ్రులు నలుగురిలో చెప్పుకోగల మాట అది.

మరి లోటు ఎక్కడుంది? రెండుచోట్ల. ఒకటి, మ్యాచ్‌లు చాలవు. 2024-25లో లీగ్‌లో ఎనిమిది జట్లు, ఒక్కో జట్టుకు పద్నాలుగు మ్యాచ్‌లు. జనవరిలో మొదలైతే వేసవి ముదిరే సరికి అయిపోయాయి. ఆ ఏడాది ఇంగ్లండ్ అగ్ర లీగ్‌లో ఒక్కో జట్టుకు ఇరవై రెండు, ఆపైన కప్ పోటీలు వేరే. ఏడాదిలో మిగతా నెలలు మన అమ్మాయిలు ఏం చేయాలి? జాతీయ శిబిరానికి పిలుపొచ్చిన పాతికమందికి పని ఉంటుంది. మిగిలినవాళ్లు ఊరికెళ్లి ఒంటరిగా పరుగులు తీసుకోవాల్సిందే. రెండోది, మన డెల్టా రైతులకు వేరే చెప్పక్కర్లేని సంగతి. కాలువలో నీళ్లు వదిలారని పేపర్లో వస్తుంది, శివారు భూములకు మాత్రం ఎక్కవు. ఇక్కడా అంతే. పైనున్న ఎనిమిది క్లబ్బులదాకా డబ్బు వచ్చింది, జిల్లాల్లో ఆడే పదమూడేళ్ల పిల్లదాకా ఇంకా రాలేదు.

ఆడేవాళ్ల చేతిలో లేని కష్టాలు ఇంకొన్ని ఉన్నాయి. 2022 జనవరిలో ఆసియా కప్ మన దేశంలోనే జరిగింది. ఇరాన్‌తో మొదటి మ్యాచ్ ముగిసింది, రెండో మ్యాచ్‌కు ముందు జట్టులో చాలామందికి కోవిడ్ పట్టుకుంది. ఆడటానికి సరిపడా మంది లేక పోటీ నుంచే తప్పుకోవాల్సి వచ్చింది. ఏళ్ల తరబడి ఎదురుచూసిన పోటీ, సొంతగడ్డ, అంతా ఒక్క రోజులో పోయింది. అదే ఏడాది ఆగస్టులో మన సమాఖ్య నిర్వహణలో బయటివాళ్ల జోక్యం ఉందని ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫా నిషేధం వేసింది. పదకొండు రోజుల్లో ఎత్తేసింది అనుకోండి. కానీ ఆ పదకొండు రోజుల్లోనే గోకులం అమ్మాయిలు ఆసియా క్లబ్ పోటీ కోసం ఉజ్బెకిస్తాన్ చేరుకుని ఉన్నారు. తాష్కెంట్‌లో దిగాక ఆడటానికి వీల్లేదన్నారు. పెద్దల పోట్లాటతో ఏ సంబంధమూ లేని పిల్లలు సామాను సర్దుకుని వెనక్కి రావాల్సి వచ్చింది. ఆటగత్తె జీవితంలో మంచి వయసు పదేళ్లు, మహా అయితే పన్నెండేళ్లు. అందులో ఒక్క అవకాశం పోయినా తిరిగి తెచ్చివ్వడం ఎవరి తరమూ కాదు.

ఇప్పుడు మన పటమటకు వద్దాం. అసలు మాట ఇక్కడే ఉంది.

బెజవాడ ఆడపిల్లలను గెలిపించడం తెలియని ఊరు కాదు. హంపి పదిహేనేళ్లకే, 2002లో, గ్రాండ్‌మాస్టర్ అయింది. తల్లి అయ్యాక కూడా పట్టు వదలకుండా ఆడి ప్రపంచ ర్యాపిడ్ టైటిల్‌ను 2019లో ఒకసారి, 2024లో మరోసారి గెలిచింది. తండ్రి అశోక్‌గారు ఉద్యోగం మానుకుని మరీ బిడ్డకు ఆట నేర్పారు. జ్యోతి సురేఖ విల్లు పట్టి 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు తెచ్చింది. ఈ రెండు ఇళ్లలో ఉన్నదేమిటి? కూతురి మీద నమ్మకం, చెక్కుచెదరని క్రమశిక్షణ, ఖర్చుకు వెనకాడని తల్లిదండ్రులు. ఒక్క ఇల్లు పట్టుబడితే ఒక చదరంగం క్రీడాకారిణి తయారవుతుంది. ఒక్క ఇల్లు పట్టుబడితే ఒక విలుకత్తె తయారవుతుంది.

ఫుట్‌బాల్ అలా కాదండీ. ఎంత డబ్బున్న తండ్రయినా, ఎంత పట్టుదల ఉన్న తల్లయినా, ఒక్క కూతురిని ఫుట్‌బాలర్‌ను చేయలేరు. ఆమె బంతి ఇస్తే అందుకోవడానికి పదిమంది కావాలి, ఎదురు నిలవడానికి ఇంకో పదకొండు మంది కావాలి. వాళ్లంతా ఇంచుమించు ఒకే వయసువాళ్లు కావాలి. రోజూ రావాలి. ఏళ్ల తరబడి రావాలి. అందుకే నేననేది, సౌమ్య లాంటి పిల్ల ఒక ఇంటి పంట కాదు, ఒక ఊరి పంట. మణిపూర్‌లో అంతమంది ఆటగత్తెలు ఎందుకు పుడుతున్నారంటే అక్కడ సాయంత్రమైతే ఆడపిల్లలు గుంపుగా మైదానానికి రావడం మామూలు సంగతి గనక. మన వీధుల్లో అది మామూలు సంగతి కాలేదు. తేడా అంతా అక్కడే ఉంది. ఒంట్లో శక్తికీ, ఆటలో నేర్పుకీ మన పిల్లలకు లోటేమీ లేదు.

హైస్కూల్ రోడ్డు వైపు సాయంత్రం వెళ్లి చూడండి. మగపిల్లలు క్రికెట్ ఆడుతూ ఉంటారు. ఏడో తరగతి దాకా ఆడపిల్లలూ ఏదో ఒక మూల ఖోఖో ఆడుతూనో, పరుగులు తీస్తూనో కనిపిస్తారు. ఎనిమిదికి వచ్చేసరికి సగంమంది మాయం. తొమ్మిదికి ట్యూషను. పది అయ్యాక ఇంటర్. ఇంటర్ అంటే మన ఊళ్లో ఏమిటో మీకు నేను చెప్పాలా? ఎంపీసీ, బైపీసీ, తెల్లవారుజాము స్టడీ అవరు, రాత్రి స్టడీ అవరు, ఆదివారం పరీక్ష. రెండు రాష్ట్రాల పిల్లలు వచ్చి మన హాస్టళ్లలో చదువుతారు. ఆ భవనాల్లో చాలావాటికి ఆటస్థలమే ఉండదు. ఇప్పుడు లెక్క చూడండి. ఫుట్‌బాలర్ తయారయ్యే వయసేది? పదకొండు నుంచి పందొమ్మిది. మనం పిల్లలను మైదానం నుంచి లోపలికి లాక్కునే వయసేది? అదే. సౌమ్య ఇరవై ఒకటికి జాగ్రెబ్ చేరిందంటే, అంతకుముందు పదేళ్లు ఆమె బూట్లు విప్పలేదని అర్థం. ఆ పదేళ్లూ మన అమ్మాయిలకు ఎవరిస్తున్నారు?

మీ మనసులో ఉన్న మాట నాకు తెలుసు. చదువు మానేసి ఆడమంటారా అని కదా? మాననవసరం లేదు. రోజుకు గంటన్నర, వారానికి నాలుగు రోజులు చాలు. ఆ గంటన్నర పోయినందుకు ర్యాంకు పోతుందనే భయం పెట్టుకోకండి. ఒంట్లో రక్తం ఆడిన పిల్ల పుస్తకం ముందు కునికిపాట్లు పడదు.

కాలు విరిగితే పెళ్లెలా అనే తల్లులున్నారు. ఆ భయాన్ని కొట్టిపారేయను. మోకాలి లోపల ఏసీఎల్ అనే కట్టు ఒకటి ఉంటుంది. అది తెగడం మగపిల్లలకంటే ఆడపిల్లల్లో ఎక్కువ. తెగితే ఆపరేషను, దగ్గరదగ్గర ఏడాది విశ్రాంతి. కానీ దీనికి మందుంది, అదీ ఉచితంగా. ఫిఫా 11 ప్లస్ అనే కసరత్తుల వరస అది. ఆటకు ముందు ఇరవై నిమిషాలు. పరుగు, ఒంటికాలి మీద నిలకడ, గెంతి మోకాలు లోపలికి వంగకుండా దిగడం, తొడ వెనక కండకు బలం. సామాను ఏదీ అక్కర్లేదు. నార్వేలో పదమూడు నుంచి పదిహేడేళ్ల అమ్మాయిల మీద దీన్ని పరీక్షించి 2008లో ఫలితాలు ప్రకటించారు. తీవ్రమైన గాయాలు దాదాపు సగానికి తగ్గాయి. మన బడుల్లో పీఈటీ మాస్టార్లు, టీచర్లు నేర్చుకుని చేయించడానికి ఒక్క వారం చాలు.

ఇంకొందరికి ఇంకో భయం. పిల్ల మైదానంలో క్షేమంగా ఉంటుందా అని. ఆ భయమూ న్యాయమైనదే. దానికి జవాబు పిల్లను ఇంట్లో కూర్చోబెట్టడం కాదు, మైదానాన్ని బాగుచేయడం. బట్టలు మార్చుకోవడానికి తలుపున్న గది ఒకటి. నీళ్లొచ్చే మరుగుదొడ్డి ఒకటి. లైట్లు. శిక్షణ ఇచ్చేవాళ్లలో కనీసం ఒక ఆడమనిషి. తల్లులు వంతులవారీగా వచ్చి కూర్చోవడం. ఇవేవీ కోట్ల పనులు కావు. పెళ్లయితే ఆట ఆగిపోతుందిగా అంటారా? 2021 నుంచి ఫిఫా నియమం ఉంది. ప్రొఫెషనల్ క్రీడాకారిణికి కనీసం పద్నాలుగు వారాల ప్రసూతి సెలవు, అందులో జీతం మూడింట రెండు వంతులకు తగ్గకూడదు, ఆ కారణంతో ఒప్పందం రద్దు చేయకూడదు. ప్రపంచం అంతదూరం వచ్చింది. మనం వీధి చివర మైదానం దాకా రాలేమా?

మన తెలుగు నేలకు ఫుట్‌బాల్ కొత్తదేం కాదని కూడా చెప్పుకోవాలి. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదేళ్లు రోవర్స్ కప్ ఎగరేసుకుపోయింది. బడిపంతులుగా బతుకు మొదలుపెట్టిన సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో భారత్ 1951లోనూ 1962లోనూ ఆసియా క్రీడల స్వర్ణం గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం. అప్పట్లో హైదరాబాద్ గల్లీల్లో కాలికి బంతి తగలని పిల్లాడు లేడు, అందుకే జాతీయ జట్టుకు అంతమంది వెళ్లారు. ఇవాళ అనంతపురంలో ఆర్డీటీ అనే స్వచ్ఛంద సంస్థ వాళ్ల క్రీడాగ్రామంలో పల్లెల పిల్లలకు, అబ్బాయిలతోపాటు అమ్మాయిలకూ, పచ్చటి మైదానాల మీద ఫుట్‌బాల్ నేర్పుతున్నారు. రాయలసీమ ఎండల్లో పచ్చిక పెంచగలిగినప్పుడు, కృష్ణ ఒడ్డున ఉన్న మనకు అడ్డమేముంది?

కాబట్టి నేను మిమ్మల్ని అడిగేది పెద్ద పెద్ద స్టేడియాలు కాదు. బడి మైదానంలో వారానికి నాలుగు సాయంత్రాలు, ఒక గంటన్నర, ఆడపిల్లలకని రాసిపెట్టి ఉంచమని హెడ్మాస్టరుగారిని అడుగుదాం. ఆ వేళకు ఇంకెవరూ ఆ స్థలం ఆక్రమించకుండా మనమే చూసుకుందాం. అయిదారు బంతులు, రెండు గోలు వలలు చందాలేసుకుని కొందాం. వినాయక చవితి పందిరికి ఇచ్చే చేతులే ఇవీనూ. పదో తరగతి అయ్యాక కూడా పిల్ల వచ్చేలా, కాలేజీలో చేర్పించే రోజునే ఆ గంటన్నర గురించి మాట్లాడుకుందాం. ఫీజు కట్టేది మనమే కదా, అడిగే హక్కు మనకుంది. పక్కన కానూరు, పెనమలూరు పిల్లలతో నెలకో మ్యాచ్ పెడదాం. అందరూ సౌమ్యలు కారు. నూటికో, అయిదొందలకో ఒకరవుతారు. కానీ ఆ ఒక్కరు ఎవరో మైదానానికి వచ్చిన అందరినీ ఆడనిస్తేనే తెలిసేది. మిగిలినవాళ్లు గట్టి కాళ్లు, గట్టి గుండె, పదిమంది స్నేహితురాళ్లతో బతుకులోకి వెళ్తారు. అదేమైనా తక్కువ లాభమా?

రేపు పొద్దున ఒక కాగితం తీసుకోండి. మీ వీధిలో, మీ అపార్ట్‌మెంట్లో పదీ పద్నాలుగేళ్ల మధ్య ఆడపిల్లలు ఎవరెవరున్నారో పేర్లు రాయండి. పనిమనిషి కూతురి పేరూ రాయండి, వాచ్‌మన్ కూతురి పేరూ రాయండి, ఆటోనగర్ మెకానిక్ కూతురి పేరూ రాయండి. ఆ ఇళ్లకు వెళ్లి, మా అమ్మాయి వస్తోంది, మీ అమ్మాయినీ పంపండి అని చెప్పండి. పదకొండు పేర్లు వచ్చాయంటే మన పటమటకు ఒక జట్టు ఉన్నట్టే.